సైనిక శిక్షణ, కాన్పు ఒకేసారి వచ్చినప్పుడు: తేదీల లెక్క నుంచి తిరిగి ఇంటికి చేరే దాకా ఒక సమగ్ర మార్గదర్శి

సైనిక శిక్షణలో ఏ వారం ఏమి జరగాలో నెలల ముందే నిర్ణయమైపోతుంది. కాన్పు విషయంలో వైద్యులు ఒక తేదీ చెప్పగలరే తప్ప, ఆ రోజే జరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ రెండూ ఒకే కాలంలో వచ్చిపడినప్పుడు దంపతుల ఆలోచన అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ప్రసవ సమయానికి అక్కడ ఉండగలమా? ప్రశ్న సహజమైనదే. అయితే ఆ ఒక్క పూట కోసమే ఏర్పాట్లన్నీ చేసుకుని, ఉన్న సెలవంతా దానికే ఖర్చుపెట్టినవారు తర్వాతి ఆరు వారాలకు ఏ ఆధారమూ లేక అవస్థ పడతారు. బాలింతకు మరో మనిషి తోడు ఎక్కువగా కావలసింది ఆ ఆరు వారాల్లోనే. ఈ మార్గదర్శి అంతటా ఆ మాటనే దృష్టిలో పెట్టుకుని రాశాను.

భార్య గర్భవతిగా ఉండగా శిక్షణలో ఉన్నవారిని, చేరబోతున్నవారిని ఉద్దేశించి ప్రధానంగా రాస్తున్నాను. స్వయంగా గర్భం దాల్చిన మహిళా శిక్షణార్థుల కోసం వేరే భాగం ఉంది. సెలవు నిబంధనలు దేశాన్ని బట్టి, దళాన్ని బట్టి, చాలాసార్లు కోర్సును బట్టి కూడా మారతాయి కాబట్టి, మీ శిక్షణ కేంద్రం ఇచ్చిన లిఖిత నిబంధనలను ఎదురుగా పెట్టుకుని దీన్ని చదవండి.

మొదటి దశ: కాన్పు జరగగల ఐదు వారాలను గుర్తించడం

వైద్యులు చెప్పే తేదీ చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కించగా వచ్చేది. గర్భం తొలి మూడు నెలల్లో చేసే స్కానింగ్ ఈ లెక్కను మరింత కచ్చితం చేస్తుంది కనుక, రెండింటికీ తేడా ఉంటే ఏ తేదీని ప్రామాణికంగా తీసుకోవాలో వైద్యురాలినే అడిగి తెలుసుకోండి. సరిగ్గా చెప్పిన రోజునే పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురు మాత్రమే. మిగిలినవారిలో ఎక్కువమంది 37 వారాలు నిండిన నాటి నుంచి 42 వారాలు పూర్తయ్యే లోపు ఎప్పుడైనా పుడతారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వైద్యురాలు చెప్పిన తేదీ నవంబరు 20 అనుకుంటే, 37 వారాలు నిండేది అక్టోబరు 30న, 42 వారాలు పూర్తయ్యేది డిసెంబరు 4న. ఈ ఐదు వారాల్లో ఏ రోజైనా, ఏ అర్ధరాత్రైనా కబురు రావచ్చు. ఇప్పుడు శిక్షణ క్యాలెండర్ తీసుకుని ఆ ఐదు వారాల మీద ఏమేమి పడుతున్నాయో రాయండి: ఫోన్ అందుబాటులో లేని ఫీల్డ్ ఎక్సర్‌సైజులు, తప్పిపోతే కోర్సు పూర్తికాని ఫైరింగ్ పరీక్షలు, సుదీర్ఘ రూట్ మార్చ్‌లు, చివరి మదింపు, పాసింగ్ అవుట్ పరేడ్. తప్పనిసరిగా హాజరు కావలసిన రోజులను ఎర్ర సిరాతోను, సర్దుబాటుకు వీలున్న రోజులను మరో రంగుతోను గుర్తిస్తే, సమస్య ఎక్కడుందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. నిజంగా ఢీకొనే రోజులు ఐదో ఆరో ఉండవచ్చు. వాటి గురించే అధికారులతో మాట్లాడాలి.

నెలలు నిండకముందే కాన్పు వచ్చే అవకాశాన్ని కూడా విస్మరించకూడదు. ప్రపంచవ్యాప్తంగా సుమారు పదిమందిలో ఒక బిడ్డ 37 వారాలకు ముందే పుడుతోంది. కవలలు, గతంలో నెలలు నిండని కాన్పు, అధిక రక్తపోటు, గర్భాశయ ముఖద్వారాన్ని మాయ కప్పి ఉండడం వంటివి ఉంటే, అత్యవసరంగా బయలుదేరడానికి ఏడో నెల చివరి నుంచే సిద్ధంగా ఉండటం మంచిది.

ముందే తేదీ నిర్ణయించిన సిజేరియన్ అయితే లెక్క తేలికవుతుంది. ప్రత్యేక వైద్య కారణం లేనప్పుడు దాన్ని సాధారణంగా 39 వారాలు నిండాకే చేస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక. శిక్షణ క్యాలెండర్‌కు సరిపోయేలా కాన్పును ముందుకు జరపమని వైద్యులను మీరు ఒత్తిడి చేయవద్దు. 39 వారాలకు ముందు అవసరం లేకుండా బయటికి తెచ్చిన బిడ్డకు శ్వాస సమస్యలు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఏ కోర్సూ అంత విలువైనది కాదు.

రెండో దశ: చేరాలా, వాయిదా కోరాలా, వెనుక బ్యాచ్‌కు మారాలా?

ఇంకా శిక్షణలో చేరని వారికి ఉన్న వెసులుబాటు చేరినవారికి ఉండదు. చేరే తేదీని మార్చుకుంటే వయోపరిమితి దాటిపోదని, ఎంపిక రద్దు కాదని, సీనియారిటీ పెద్దగా దెబ్బతినదని లిఖితపూర్వకంగా తెలిస్తే, కాన్పు ఐదు వారాల వ్యవధి ప్రాథమిక శిక్షణ తొలి సగంలో పడేవారు వాయిదా కోరడమే మేలని నా అభిప్రాయం. తొలి వారాల్లో ఫోన్ వాడకం, బయటికి వెళ్లడం, సెలవు అన్నీ కఠినంగా నియంత్రిస్తారు. పైగా అప్పటికి మీ గురించి శిక్షకులకు ఏమీ తెలియదు. నాలుగైదు నెలలు క్రమశిక్షణతో గడిపిన మనిషి పెట్టుకున్న సెలవు దరఖాస్తుకు ఉండే బరువు, రెండో వారంలో పెట్టిన దరఖాస్తుకు ఉండదు. వాయిదా అడిగేటప్పుడు నోటి హామీ మీద ఆధారపడకుండా, కొత్త తేదీని కాగితం మీద తీసుకోండి.

ఇప్పటికే శిక్షణలో ఉన్నవారికి మూడు దారులున్నాయి: తక్కువ రోజుల సెలవు తీసుకుని అదే బ్యాచ్‌తో కొనసాగడం, కోర్సు మధ్యలో ఆగి తర్వాతి బ్యాచ్‌లో చేరడం, లేదా సెలవు తీసుకోకుండా కోర్సు ముగించి తర్వాత వెళ్లడం. మొదటి దారిలో తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి, వరుసగా ఎన్ని రోజులు గైర్హాజరైతే వెనుక బ్యాచ్‌కు మార్చేస్తారన్నది. దాదాపు ప్రతి శిక్షణ కేంద్రంలోనూ అలాంటి పరిమితి ఒకటి ఉంటుంది. ఆ సంఖ్య తెలియకుండా సెలవు అడిగి, ఒకటి రెండు రోజుల తేడాతో నెలల కష్టాన్ని మళ్లీ మొదలుపెట్టవలసి రావడం బాధాకరం. రెండో దారిని అవమానంగా భావించేవారున్నారు. భార్య ఆరోగ్యం ప్రమాదంలో ఉన్నప్పుడు, ఇంట్లో ఆదుకునే మనిషి లేనప్పుడు, వెనుక బ్యాచ్‌కు మారడం బాధ్యతగల నిర్ణయం. వెళ్లేముందు ఇప్పటిదాకా ఉత్తీర్ణమైన పరీక్షలు లెక్కలో ఉంటాయా, అన్నీ మళ్లీ రాయాలా అన్నది మాత్రం అడిగి తెలుసుకోండి. మూడో దారి చివరి రెండు మూడు వారాల్లో కాన్పు పడినవారికి కొన్నిసార్లు ఉత్తమం కావచ్చు. కోర్సు ముగిశాక వచ్చే సెలవంతా తల్లీబిడ్డలతోనే గడపవచ్చు.

ఈ నిర్ణయం మీరొక్కరే తీసుకుని ఇంట్లో తెలియజేసేది కాదు. మీ భార్యను రెండు విషయాలు విడివిడిగా అడగండి. ప్రసవ గదిలో నేను ఉండటం నీకు ఎంత ముఖ్యం? ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మొదటి రెండు వారాలు నేను ఉండటం ఎంత ముఖ్యం? రెండూ దొరకకపోతే ఏది ఎంచుకుంటావని కూడా అడగండి. ఆమె ఇచ్చే జవాబు మీరు ఊహించినదానికి వేరుగా ఉండవచ్చు. వేరుగా ఉంటే, దాన్నే ఆధారంగా తీసుకోండి.

మూడో దశ: అధికారులకు ఎప్పుడు, ఎలా చెప్పాలి

మూడో నెల స్కానింగ్ అయి, తేదీ స్పష్టమైన వెంటనే చెప్పడం సరైన సమయం. బలహీనుడిగా చూస్తారనే భయంతో ఎనిమిదో నెల దాకా దాచినవారికి సహాయం చేయాలని ఉన్నా చేయలేని స్థితిలో అధికారులు ఉంటారు, ఎందుకంటే అప్పటికి ఫైరింగ్ రేంజ్ కేటాయింపులు, ఎక్సర్‌సైజు బృందాలు, పరీక్షల జాబితాలు ఖరారై ఉంటాయి. ముందుగా మీ ప్లటూన్ (మీరు ఉండే చిన్న శిక్షణ బృందం) శిక్షకుడికి మౌఖికంగా చెప్పి, ఆయన ద్వారానే కంపెనీ (కొన్ని ప్లటూన్లు కలిసిన దళం) కమాండర్‌కు దరఖాస్తు పంపండి. వరుస క్రమాన్ని దాటి పై అధికారి దగ్గరికి నేరుగా వెళ్లడం, మొదటి ప్రయత్నంలో, దాదాపు ఎప్పుడూ మేలు చేయదు.

దరఖాస్తు ఒక్క పేజీ దాటకూడదు. అందులో భావోద్వేగం కంటే వివరాలు ఎక్కువ పని చేస్తాయి. ఇలా రాయవచ్చు:

“గౌరవనీయులైన కంపెనీ కమాండర్ గారికి, నా భార్య గర్భవతి. వైద్యులు సూచించిన ప్రసవ తేదీ నవంబరు 20. ధ్రువపత్రం జతపరిచాను. అక్టోబరు 30 నుంచి డిసెంబరు 4 లోపు ఎప్పుడైనా ప్రసవం జరగవచ్చని వైద్యులు తెలిపారు. ప్రసవ సమాచారం అందిన నాటి నుంచి పది రోజుల సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. ఈ వ్యవధిలో నవంబరు 9 నుంచి 14 వరకు ఫీల్డ్ ఎక్సర్‌సైజు, 25న ఫైరింగ్ పరీక్ష ఉన్నాయి. ఫైరింగ్ పరీక్షకు హాజరు కాలేకపోతే తర్వాతి వారం పూర్తిచేసే అవకాశం ఇవ్వగలరని, ఎక్సర్‌సైజు సమయంలో అత్యవసర కబురు నాకు అందే ఏర్పాటు చేయగలరని మనవి.”

సమస్యతోపాటు దాని పరిష్కారాన్ని కూడా ఆ దరఖాస్తు సూచిస్తోంది. తప్పిపోయే పరీక్షను ఎప్పుడు పూర్తిచేస్తారో చెబుతోంది. అధికారి సంతకం పెట్టడానికి కావలసిన తేదీలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. శిక్షకులు మధ్యలో మారిపోతుంటారు. కొత్తగా వచ్చినవారికి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆ ప్రతే ఆధారం.

హక్కుగా వచ్చే సెలవు ఎంతో కూడా తెలుసుకుని ఉండాలి. దేశాల మధ్య తేడా పెద్దది: అమెరికా సైన్యంలో 2022 డిసెంబరు చివరి నుంచి బిడ్డ పుట్టిన తండ్రికి కూడా 12 వారాల సెలవు ఉంది. అయితే ఇలాంటి సెలవులను ప్రాథమిక శిక్షణ కాలంలోనే వాడుకోవచ్చా, శిక్షణ ముగిశాక వాడుకోవాలా అన్నది వేరే ప్రశ్న. చాలాచోట్ల సెలవు మిమ్మల్ని వదిలిపోదు, వాయిదా మాత్రమే పడుతుంది. ఎన్ని నెలల్లోపు వాడుకోకపోతే రద్దవుతుందో అడిగి రాసిపెట్టుకోండి.

నాలుగో దశ: ఇంటి దగ్గర బాధ్యత తీసుకునే మనిషి

మీరు రాలేని పక్షంలో ప్రసవ గదిలో మీ స్థానంలో ఎవరుంటారన్నది మీ భార్యే ఎంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన ప్రసవ సంరక్షణ మార్గదర్శకాల్లో, ప్రతి స్త్రీకీ తాను కోరుకున్న తోడు మనిషి ప్రసవ సమయమంతా పక్కన ఉండాలని సిఫారసు చేసింది. ఆ తోడు తల్లి కావచ్చు, అక్క కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. ఆసుపత్రి ఎంతమందిని లోపలికి అనుమతిస్తుందో, రాత్రివేళ ఎవరిని ఉండనిస్తుందో ముందే కనుక్కోండి. ఆ మనిషికి అకస్మాత్తుగా జ్వరం వస్తే రెండో మనిషి ఎవరన్నది కూడా తేల్చుకోవాలి.

తర్వాత ఒక కాగితం తయారుచేయండి. దానిమీద ఉండవలసినవి: ఆసుపత్రి పేరు, వార్డు ఫోన్ నంబరు, వైద్యురాలి నంబరు, రక్తం గ్రూపు, మందుల పేర్లు, పడని మందులు, అర్ధరాత్రి వచ్చే వాహనం నంబరు, వైద్య బీమా లేదా సైనిక వైద్య సదుపాయం కార్డు నంబరు, మీ శిక్షణ కేంద్రం డ్యూటీ రూమ్ నంబరు. ఆమె దగ్గర ఒకటి, తోడు మనిషి దగ్గర ఒకటి, ఆసుపత్రి సంచిలో ఒకటి ఉంచండి. ఫోన్‌లో ఫొటో ఉందిలే అనుకోవద్దు. చార్జింగ్ అయిపోయే సమయం సరిగ్గా అదే.

డబ్బు విషయంలో ఒకటే సూచన. మీ జీతం పడే ఖాతా నుంచి మీరు లేకుండా ఆమె డబ్బు తీసుకోగలగాలి. ఉమ్మడి ఖాతా ఇందుకు తేలికైన మార్గం. మీ సంతకం కావలసిన పనులకు, ముఖ్యంగా జనన నమోదుకు, శస్త్రచికిత్స అంగీకార పత్రాలకు, మీరు లేనప్పుడు ఏమి కావాలో ఆసుపత్రిని అడిగి అవసరమైతే అధికార పత్రం రాసి ఇవ్వండి. దంపతులిద్దరూ సైన్యంలో ఉంటే, లేదా బిడ్డను ఒంటరిగా పెంచబోతుంటే, బిడ్డను ఎవరు చూసుకుంటారో లిఖితపూర్వకంగా ఇవ్వాలని కొన్ని సైన్యాలు అడుగుతాయి. అమెరికా సైన్యంలో దాన్ని ఫ్యామిలీ కేర్ ప్లాన్ అంటారు. అడగకపోయినా అలాంటి పత్రం రాసుకోవడం మంచిదే.

ఐదో దశ: కబురు చేరే దారి

ఎన్ని ఏర్పాట్లు చేసినా కబురు అందకపోతే అన్నీ వృథా అవుతాయి. మీ ఫోన్ మీ చేతిలో ఉండదని అనుకునే ప్రణాళిక వేయండి. ఇంటివారి దగ్గర ఇరవై నాలుగు గంటలూ పనిచేసే డ్యూటీ రూమ్ నంబరు ఉండాలి. ఫోన్ చేసినప్పుడు మీ పూర్తి పేరు, సర్వీసు లేదా రోల్ నంబరు, కంపెనీ, ప్లటూన్ ఒకే ఊపిరిలో చెప్పగలగాలి. వందలమంది ఉన్న చోట పేరొక్కటే చెబితే మనిషిని వెతికి పట్టుకోవడానికి గంటలు పడుతుంది. ఫోన్ ఎత్తినవారి పేరు, సమయం రాసుకోమని ఇంట్లో చెప్పండి. అమెరికా సైనికుల కుటుంబాలకు ఆ దేశపు రెడ్‌క్రాస్ ద్వారా కాన్పు కబురును ధ్రువీకరించి పంపే ఏర్పాటు ఉంది. మీ దగ్గర అలాంటిది ఉందేమో సంక్షేమ అధికారిని అడగండి.

కబురులో స్పష్టత కోసం మూడు వాక్యాలు ముందే ఖాయం చేసుకోండి. “నొప్పులు మొదలయ్యాయి, తల్లి బాగుంది.” “బిడ్డ పుట్టింది, ఇద్దరూ క్షేమం.” “వైద్యులు మిమ్మల్ని వెంటనే రమ్మంటున్నారు.” మొదటి రెండింటికీ మూడోదానికీ ఉన్న తేడా కబురు మోసే మూడో మనిషికి కూడా అర్థం కావాలి. “పరిస్థితి సీరియస్‌గా ఉంది, ఫోన్ చేయమనండి” లాంటి అస్పష్టమైన మాట మైళ్ల దూరంలో ఉన్న మనిషిని అనవసరంగా కుంగదీస్తుంది.

తొలి కాన్పులో నొప్పులు నిలకడగా మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టే దాకా తరచు 12 గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. రెండో కాన్పులో చాలాసార్లు అందులో సగమే. మీ ప్రయాణ సమయం పది గంటలైతే, ఆసుపత్రికి చేరాక ఫోన్ చేద్దామనే ఆలోచన పనికిరాదు; నొప్పులు క్రమంగా వస్తున్నాయని అర్థమైన వెంటనే మొదటి కబురు రావాలి. సాధారణంగా ఐదేసి నిమిషాలకోసారి, నిమిషం చొప్పున, గంటసేపు నొప్పులు వస్తే ఆసుపత్రికి బయలుదేరమంటారు. ఉమ్మనీరు పోవడం, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం కనిపిస్తే లెక్కలు చూడకుండా వెంటనే వెళ్లాలి. ఈ లక్షణాలను తోడు మనిషికి చదివి వినిపించండి.

కుటుంబ వాట్సాప్ గ్రూపులో మీ ఎక్సర్‌సైజు స్థలం, తిరిగివచ్చే తేదీ రాయకండి, రాయనివ్వకండి. శుభవార్త ఆత్రుతలో భద్రతా నియమం ఉల్లంఘించి శిక్షకు గురికావడం ఎవరికీ మంచిది కాదు.

ఆరో దశ: సెలవును ఎక్కడ ఖర్చుపెట్టాలి

చెప్పిన తేదీకి రెండు రోజుల ముందు నుంచి సెలవు తీసుకుని ఇంటి దగ్గర ఎదురుచూడటం అందరికీ మొదట తోచే ఆలోచన. దీనికి నేను గట్టిగా వ్యతిరేకం. తేదీ దాటి వారం గడిచినా నొప్పులు రాకపోతే, సెలవు ముగిసి మీరు బయలుదేరిన మర్నాడు బిడ్డ పుట్టవచ్చు. కబురు అందిన క్షణం నుంచి సెలవు మొదలయ్యేలా అనుమతి అడగండి. అలా ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోకపోతే, సెలవును తేదీ తర్వాతి రోజుల్లో పెట్టుకోండి. ప్రసవాన్ని చూడలేకపోవచ్చు గానీ, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తొలి రోజుల్లో మీరుంటారు.

ఆ రోజుల్లో ఏమి చేయాలో తెలియక చాలామంది అతిథుల్లా కూర్చుండిపోతారు. పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. తల్లి వరుసగా మూడు గంటలు నిద్రపోవడం కష్టం. మీరు చేయదగిన పని రాత్రి పహారా. బిడ్డ ఏడవగానే లేచి, బట్ట మార్చి, తల్లికి అందించి, పాలు తాగాక తీసుకుని తేన్పు వచ్చే దాకా భుజాన వేసుకుని, వెల్లకిలా పడుకోబెట్టి, ఆమెను మళ్లీ నిద్రపోనివ్వండి. పాలివ్వడం తప్ప మిగిలినవన్నీ మీవే. పగటిపూట జనన నమోదు, బీమాలో బిడ్డ పేరు చేర్పించడం, సర్వీసు రికార్డుల్లో నమోదుకు కావలసిన పత్రాలు సేకరించడం వంటి పనులు ముగించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించిన ప్రకారం, ప్రసవం తర్వాత 48 నుంచి 72 గంటల మధ్య ఒకసారి, 7 నుంచి 14 రోజుల మధ్య మరోసారి, ఆరో వారంలో ఇంకోసారి తల్లీబిడ్డలకు పరీక్షలు జరగాలి. మీ సెలవులో పడేవాటికి మీరు వెంట వెళ్లండి, పడనిదానికి వాహనం, తోడు ఏర్పాటు చేసి వెళ్లండి.

బ్యారక్ నుంచి నేరుగా బిడ్డను ఎత్తుకోవద్దు. ఫైరింగ్ చేసి వచ్చినవారి చేతుల మీద, బట్టల మీద సీసపు ధూళి ఉంటుంది. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, యూనిఫాంను విడిగా ఉతకండి. గుంపుగా నివసించే చోట దగ్గు, జలుబు త్వరగా వ్యాపిస్తాయి. కోరింత దగ్గు పసిపిల్లలకు ప్రాణాంతకం కాగలదు కాబట్టి, దాని బూస్టర్ టీకాను బిడ్డను చూడటానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవడం గురించి వైద్యాధికారిని అడగండి.

ఏడో దశ: తిరిగి శిక్షణలో చేరడం

సెలవు చివరి రెండు రాత్రులూ మీరు నిద్రపోవాలి. కఠినంగా అనిపించినా దీన్ని ముందే మాట్లాడుకోండి, ఆ రెండు రాత్రులకు మరొకరిని సిద్ధం చేయండి. వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. అలాంటి స్థితిలో రైఫిల్ పట్టుకోవడం, వాహనం నడపడం, గ్రెనేడ్ విసరడం మీకే కాక పక్కన ఉన్నవారికీ ప్రమాదం. నిద్ర చాలలేదనిపిస్తే ఫైరింగ్‌కు ముందు శిక్షకుడికి చెప్పండి. రేంజ్ మీద చెప్పిన నిజానికి ఎవరూ శిక్ష వేయకూడదు, బుద్ధున్న శిక్షకుడు వేయడు.

ప్రతిరోజూ మాట్లాడతానని ఇంట్లో మాట ఇవ్వకండి. నిలబెట్టుకోగల మాట ఇవ్వండి: ఆదివారం సాయంత్రం అనుకుంటే ఆదివారం సాయంత్రమే. మీ గొంతుతో ఒక కథో, జోలపాటో రికార్డు చేసి ఉంచితే బిడ్డకు మీ గొంతు పరిచయమవుతుంది. ఫోన్‌లో మొదటి ఐదు నిమిషాలు బిడ్డ గురించి కాకుండా ఆమె గురించి అడగండి. రోజంతా అందరూ బిడ్డ గురించే అడుగుతుంటారు.

కాన్పు తర్వాత మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం సాధారణం. అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, తనకో బిడ్డకో హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే, అది చికిత్స కావలసిన డిప్రెషన్. హాని ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. దూరంగా ఉన్న మీకు ఇది కనబడదు కాబట్టి, ఆమె పక్కనున్న మనిషిని ఈ లక్షణాలు గమనించమని చెప్పండి. తండ్రుల్లో కూడా సుమారు పదిమందిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. వారిలో అది తరచు కోపంగా, ఎవరితోనూ కలవకపోవడంగా బయటపడుతుంది. వైద్యాధికారితో మాట్లాడటం మీ కెరీర్‌కు మచ్చ అవుతుందనే భయం కంటే, మాట్లాడకపోవడం వల్ల జరిగే నష్టం ఎక్కువ.

గర్భవతి అయిన శిక్షణార్థికి

గర్భం నిర్ధారణ కాగానే వైద్యాధికారికి చెప్పడం మీ భద్రతకు సంబంధించిన విషయం. ఫైరింగ్ రేంజ్ మీద సీసం, కన్నీటి వాయువు గది, ఇంధన ఆవిర్లు, విపరీతమైన శబ్దం, ఎండదెబ్బ, బరువైన ప్యాక్‌తో నడక, పడిపోయే ప్రమాదమున్న అడ్డంకుల కోర్సు, పారాచూట్‌తో దూకడం, ఇవన్నీ గర్భిణికి దూరంగా ఉండవలసినవే. ప్రాథమిక శిక్షణలో ఇవన్నీ తప్పించడం వీలుకాదు గనుక చాలా దళాలు శిక్షణను ఆపి తర్వాత తీసుకుంటాయి. తిరిగి చేరే హక్కు, జీతం, వైద్య సదుపాయం కొనసాగుతాయా అన్న మూడింటికీ లిఖిత సమాధానం తీసుకున్నాకే ఏ కాగితం మీదైనా సంతకం చేయండి.

తిరిగి వచ్చేటప్పుడు తొందరపాటు చాలా నష్టం చేస్తుంది. ఆరో వారం పరీక్షలో అంతా బాగుందన్నారంటే, శరీరం యుద్ధ శిక్షణకు సిద్ధమైందని అర్థం కాదు. కాన్పు తర్వాత పరుగు సాధారణంగా మూడు నెలలకు ముందు మొదలుపెట్టకూడదని నిపుణులు సూచిస్తున్నారు. ముందు కటి కండరాల వ్యాయామం, నడక, ఆ తర్వాత బరువు లేకుండా మెట్లు ఎక్కడం, ఆ తర్వాతే పరుగు, అన్నిటికంటే చివర ప్యాక్ బరువు. మూత్రం లీకవడం, పొత్తికడుపు కిందికి లాగినట్లుండడం, నడుము నొప్పి కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి రండి, ఫిజియోథెరపిస్టును కలవండి. అమెరికా సైన్యం 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వులో, గర్భం ముగిసిన తర్వాత 365 రోజుల వరకు శారీరక సామర్థ్య పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. కోలుకోవడానికి ఎంతకాలం పడుతుందో చెప్పడానికి మీ అధికారుల ముందు ఉదాహరించదగిన ఉత్తర్వు అది.

పాలిచ్చే తల్లి శిక్షణకు వస్తే మూడు నాలుగు గంటలకోసారి పాలు పిండాలి, లేకపోతే రొమ్ములు గడ్డకట్టి జ్వరం రావచ్చు. శుభ్రమైన గది, చేతులు కడుక్కునే నీరు, ఫ్రిజ్ కావాలని ముందే అడగండి. పిండిన పాలు గది ఉష్ణోగ్రతలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, డీప్ ఫ్రీజర్‌లో 6 నెలల వరకు బాగుంటాయి. వేడి ఎక్కువగా ఉన్న గుడారంలో 4 గంటల లెక్క పనికిరాదు. ఫీల్డ్‌లో చల్లబరిచే వీలు లేకపోతే, పాలు ఆగిపోకుండా పిండి పారబోయడం తప్పదు. మనసు బాధపడుతుంది, అయినా పాల సరఫరా నిలబడుతుంది. నీళ్లు, ఆహారం మామూలుకంటే ఎక్కువ కావాలని రేషన్ చూసేవారికి చెప్పండి.

అనుకోనిది జరిగితే

బిడ్డ నవజాత శిశు ఐసీయూలో చేరినా, తల్లి ప్రాణానికి ముప్పు వచ్చినా, బిడ్డ దక్కకపోయినా, అది కాన్పు సెలవు పరిధి దాటిన అత్యవసర పరిస్థితి. దానికి వేరే దరఖాస్తు, వేరే కారణం, వైద్యుల సంతకంతో వేరే ధ్రువపత్రం కావాలి. ఇంటివారు ఆసుపత్రి నుంచి ఆ పత్రం తీసుకుని ఫొటో పంపితే నిర్ణయం త్వరగా వస్తుంది. అలాంటి సమయంలో కోర్సు కొనసాగించాలా వద్దా అన్నది అదే రోజు తేల్చుకోకండి. ముందు వెళ్లండి. వెనుక బ్యాచ్ అవకాశాన్ని తెరిచి ఉంచమని మాత్రం వెళ్లేముందు అడగండి.

శిక్షణ ముగిశాక

కోర్సు పూర్తయ్యే నాటికి బిడ్డకు ఆరు నుంచి తొమ్మిది నెలలు ఉంటే, మిమ్మల్ని చూసి ఏడవవచ్చు. ఆ వయసులో కొత్త ముఖాలంటే బెదురు పుట్టడం బిడ్డ ఎదుగుదలలో భాగం, అందుకు మీరు నొచ్చుకోవద్దు. వచ్చీ రాగానే చేతుల్లోకి లాక్కోకుండా, తల్లి ఒడిలో ఉన్న బిడ్డకు ఎదురుగా నేలమీద కూర్చోండి. ఆమెతో మాట్లాడుతూ, ఒక బొమ్మ అందిస్తూ, బిడ్డ తానే చేయి చాచే దాకా ఆగండి. మొదటి రోజు కుదరకపోతే మూడో రోజుకు కుదురుతుంది. ఆ నెలల్లో ఇంటికి ఒక పద్ధతి ఏర్పడి ఉంటుంది, నిద్ర వేళలు, పాల వేళలు అన్నీ ఆమె సరిచేసుకుని ఉంటుంది. బ్యారక్ క్రమశిక్షణతో వాటిని మార్చబోకుండా, ముందు ఒక వారం చూసి నేర్చుకోండి. తొలి పోస్టింగ్‌కు వెళ్లేముందు బిడ్డ జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, సర్వీసు రికార్డులో నమోదైనట్లు ఆధారం మూడేసి నకళ్లు చేయించి పెట్టుకుంటే, కుటుంబ నివాసం దరఖాస్తు చేరిన రోజే ఇవ్వవచ్చు.